ఓలి నుంచి పట్టా దాకా



మన గిరిజన సమాజంలో ఆడ, మగ తేడా లేదని సభల్లో తరచూ వింటుంటాం. అది సగం నిజం. మిగతా సగం కూడా తెలుసుకోవాలి.

విశాఖ మన్యంలో పోడులో విత్తడం, కలుపు తీయడం, అడవి నుంచి అడ్డాకులు, చింతపండు తేవడం, వాటిని సంతలో అమ్మి ఉప్పు, బట్టలు కొనడం చాలావరకు ఆడవాళ్ల చేతుల మీదే నడిచేది. ఆ కష్టానికి విలువ ఉంది కాబట్టే పెళ్లిలో మగపిల్లవాడి వాళ్లు ఓలి ఇచ్చేవారు. భర్తతో పొసగకపోతే మారుమనువుకు అడ్డు లేదు. అయితే కొత్త భర్త పాత భర్తకు ఓలి సొమ్ము తిరిగి కట్టాలి. ఆ లెక్క తేల్చేది కులపెద్దలైన మగవాళ్లు. భూమి కూడా కొడుకులకే వెళ్లేది. అంటే ఆమెకు పని ఉంది, మాట ఉంది, ఆస్తి లేదు.

చట్టం కూడా చాలాకాలం మన ఆడపిల్లల దాకా రాలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. అందుకే 1986లో మన రాష్ట్రం, 2005లో దేశం మొత్తం కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇచ్చినా, అది మన గడప దాటి లోపలికి రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కొంత దారి చూపింది. పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంది. అటవీ హక్కుల కమిటీలో కనీసం మూడో వంతు మహిళలు ఉండాలంది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని రుజువు చేయనప్పుడు వాళ్లకూ సమాన వాటా ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చదువు, రాజకీయాల్లోనూ మార్పు కనబడుతోంది. అరకు లోక్‌సభ స్థానం నుంచి 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి వరుసగా గెలిచారు.

కానీ ఇంకో మార్పు కూడా వచ్చింది. పోర్టులో, స్టీల్ ప్లాంటులో, ప్రభుత్వ ఆఫీసుల్లో మనవాళ్లకు ఉద్యోగాలు దొరికాక, కొన్ని ఇళ్లలో ఓలి పోయి కట్నం వచ్చింది. ఒకప్పుడు పిల్లను అడగడానికి సొమ్ము పట్టుకెళ్లిన ఇల్లే ఇప్పుడు పిల్ల వాళ్లను సొమ్ము అడుగుతోంది. దీన్ని నాగరికత అనుకోకండి. 1961 నుంచి కట్నం నేరం.

హాస్టల్లో నా పిల్లలకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఈసారి ఊరెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న పట్టా తీసి చూడండి. అందులో అమ్మ పేరు ఉందా? లేకపోతే గ్రామసభలో అడగండి. అబ్బాయిలూ, మీ పెళ్లి మాటలప్పుడు కట్నం వద్దని మీ నోటితో మీరే చెప్పండి. అక్కచెల్లెళ్ల వాటా గురించి కూడా ముందుగా మీరే మాట్లాడండి.