పశువైద్యుని చేయి

గేదె ఈచుకుపోయినప్పుడు గాని, ఈనిన పిమ్మట మాయ పడనప్పుడు గాని పశువైద్యునికి కబురంపుట మన పల్లెలలో వాడుకయే. పూర్వము అతడు చొక్కా చేయి పైకి మడిచి, భుజము వరకు వట్టిచేయి లోనికి పోనిచ్చి మాయను తీసెడివాడు. నేటికిని అట్లు చేయువారు లేకపోలేదు. ఇంటివారి దృష్టి అంతయు గేదె మీదనే యుండును. ఆ చేతికేమగునో అడుగువారరుదు. నేను నేడు చెప్పబూనినది ఆ చేతి కథ.

మధ్యధరా సముద్రములోని మాల్టా ద్వీపమున నాడు బ్రిటిషు సైన్యముండెడిది. అచ్చటి సిపాయిలకు వింత జ్వరమొకటి పట్టుచుండెను. కొన్నాళ్లు తగ్గును, మరల వచ్చును. రాత్రులు చెమటలు, కీళ్ల నొప్పులు. నెలల తరబడి మనిషిని మంచమున పడవేయును. 1887లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు చనిపోయిన సిపాయిల ప్లీహమునుండి దాని సూక్ష్మజీవిని వేరుచేసెను. అది ఎక్కడినుండి వచ్చుచున్నదో మాత్రము మరి పదునెనిమిదేండ్లు తెలియలేదు. 1905లో ఆ ద్వీపవాసియే యగు థెమిస్టొక్లీస్ జమ్మిట్ మేకల రక్తమును పరీక్షించి గుట్టు బయటపెట్టెను. మాల్టాలో మేకలను వీధివెంట తోలుకొనివచ్చి గుమ్మము నొద్దనే పాలు పిదుకుట ఆచారము. కన్నులయెదుట పిదికిన పాలను శంకించువారెవరు? పైగా ఆ మేకలు చూచుటకు నిక్షేపముగా నుండెను. 1906లో సైన్యమునకు మేకపాలు మాన్పింపగా జ్వరము తగ్గిపోయెను.

డెన్మార్కులో బాంగ్ అను పశువైద్యుడు ఆవులు ఈచుకుపోవుటకు మూలమగు సూక్ష్మజీవిని 1897లోనే కనుగొనియుండెను. ఈ రెండును ఒక్క కుదురువే యని అమెరికాలో ఆలిస్ ఇవాన్స్ 1918లో ప్రకటించెను. ఆమెకు డాక్టరు పట్టము లేదు, పైగా స్త్రీ. పేరుమోసిన శాస్త్రజ్ఞులు నమ్మలేదు. 1922లో ఆ సూక్ష్మజీవులతో పనిచేయుచు ఆమెయే జ్వరమున పడెను. ఇరువది యేండ్లకు పైగా అది ఆమెను వేధించెను. వైద్యులు మొదట నరముల బలహీనత యనిరి. జ్వరముకంటె ఆ మాటయే ఆమెను ఎక్కువ నొప్పించియుండునని నాకు తోచును.

ఈచుకుపోయిన పిండములోను, మాయలోను, ఉమ్మనీటిలోను ఈ సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా నుండును. చేతిమీద చిన్న గీరుడు చాలును. కంటిలో చుక్క చిందినను చాలును. అందుచేతనే భుజము వరకు వచ్చు చేతితొడుగులు, కండ్లద్దాలు ఏర్పడినవి. చిత్రమేమనగా, రక్షగా పుట్టిన టీకాయందును ముప్పు కలదు. 1923లో జాన్ బక్ ఒక ఆవుపాలనుండి తీసిన పందొమ్మిదవ వంగడము పెయ్యదూడలకు కాపు. కాని అది సజీవమైన మందు. సూది జారి వైద్యుని వేలికి గ్రుచ్చుకొన్నచో అతనికి జ్వరమే రావచ్చును. 2019లో మన దేశమున మొదలైన జాతీయ కార్యక్రమము క్రింద నాలుగు మొదలు ఎనిమిది నెలల పెయ్యలకు ఈ రోగమునకే టీకా వేయుటకు పూనిరి. బెదరు దూడను గట్టిగా పట్టుకొను మనిషి ప్రక్కనున్నచో సూది జారదు.

ఈచుకుపోయిన పిండమును, మాయను కుక్కల పాలు చేయక, లోతుగా గోయి తీసి సున్నము చల్లి పూడ్చవలెను. పచ్చిపాలు కాచియే త్రాగవలెను. పశువును ముట్టినవారికి కొన్ని వారములకు విడువని జ్వరము తగిలినచో, ఆసుపత్రిలో "ఈచుకుపోయిన గేదెను ముట్టితిని" అని ముందుగా చెప్పవలెను. ఆ మాట చెప్పనిచో మలేరియాకో టైఫాయిడుకో మందిచ్చి పంపివేయుదురు.