గ్యాస్ నొప్పి - గుండె గీతలు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. అయినా ఈ సంగతి తోటి పింఛనుదారులకు చెప్పాలనిపించింది.

1986 వేసవిలో, కొండాపురంలో, మా అన్నగారికి రాత్రి భోజనమయ్యాక పొట్ట పైభాగాన మంట, వాంతి, ఒళ్లంతా చెమటలు. గ్యాసేనన్నాం. వాము నమిలించాం, నిమ్మకాయ సోడా తాగించాం. తెల్లవారి చూపించిన చోట కూడా అజీర్ణమనే మందిచ్చి పంపారు. సాయంత్రానికి ఆయన లేరు. ఇ.సి.జి. ఎవరూ తీయలేదు. తీయమని అడగాలని మాకూ తెలియదు.

తరువాత చదివితే తెలిసింది, ఈ పొరపాటు చాలా పాతదని. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాశ్చాత్య దేశాల్లోనూ ఇలాంటి మరణాలను 'తీవ్ర అజీర్ణం' కింద రాసేవారు. 1910లో కీవ్ వైద్యులు ఒబ్రజ్‌త్సోవ్, స్ట్రజెస్కో గుండె రక్తనాళం మూసుకుపోయినప్పటి లక్షణాలను మూడు తీరులుగా వివరించారు. ఒకటి ఛాతీనొప్పి, ఒకటి ఆయాసం, మూడోది అచ్చం కడుపునొప్పి! గుండె కింది గోడ పొట్టకు పైకప్పులాంటి కండరపు పొర మీదే ఆని ఉంటుంది. అందుకే అక్కడి నొప్పి పొట్టలో నొప్పిలా తోస్తుంది.

ఈ రెంటినీ వేరుచేసే దారి చూపినవాడు హాలెండులోని లైడెన్ ఆచార్యుడు ఐంథోవెన్. అంతకుముందు 1887లో లండనులో వాలర్ మనిషి గుండె విద్యుత్తును నమోదు చేశాడు. తన బుల్‌డాగ్ జిమ్మీ కాళ్లను ఉప్పునీటిలో పెట్టించి సభల్లో చూపేవాడట. ఐంథోవెన్ వెండిపూత పూసిన సన్నని స్ఫటికపు దారంతో యంత్రం చేశాడు. దాని బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులు, ఒక కాలు ఉప్పునీటి జాడీల్లో పెట్టుకుని కూర్చోవాలి. అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోయలేక, 1905లో టెలిఫోన్ తీగ మీద ఒకటిన్నర కిలోమీటరు దూరం నుంచి గుండె కబురు తెప్పించుకున్నాడు. 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. పి, క్యు, ఆర్, ఎస్, టి అని గీతలకు పెట్టిన పేర్లు నేటికీ అవే.

2023లో మన రాష్ట్రంలో మొదలైన 'స్టెమి' పథకంలోనూ ఇదే సూత్రం. చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని పెద్ద ఆసుపత్రిలోని గుండె డాక్టరు చూసి, అవసరమైతే గడ్డ కరిగించే ఇంజక్షన్ అక్కడే వేయిస్తారు.

మందుల సంగతీ ఒకటుంది. పుల్లతేన్పులకు ఒకప్పుడు బాగా రాసిన సిసాప్రైడ్ మాత్ర గుండె లయను చెడగొడుతుందని తేలి, 2011లో మన దేశంలో నిషేధించారు. కడుపు మందుకూ గుండె పరీక్షకూ ఏం సంబంధమని విసుక్కునే వారికి ఇదే జవాబు.

అయితే మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నంత మాత్రాన ధీమా పనికిరాదు. కొంతసేపటికి మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చేస్తారు. షుగరున్న వారికి అసలు నొప్పే తెలియకపోవచ్చు.

పాత ఇ.సి.జి. చేతిలో ఉంటే కొత్తదానితో పోల్చడం డాక్టరుకు తేలిక. కాకపోతే ఆ కాగితం మీది గీతలు కాలక్రమాన వెలిసిపోతాయి. నాది జిరాక్సు తీయించి పింఛను కాగితాల సంచిలోనే పెట్టాను. ఎక్కడుందో మా కోడలికి చూపించాను.