ఇత్తడి ఒళ్లు, రెల్లు ప్రాణం

ఆ పిడకల దండ మంటలో వేసి ఇలా దగ్గరికి రండర్రా. భోగి చలి తెల్లారేదాకా వదల్దు. మొన్న నేవీ డే నాడు ఆర్కే బీచ్‌లో బ్యాండు వాళ్లని చూసి, ‘తాతా, ఆ వంకర బూరా ఏటి?’ అనడిగింది కదా మన అమ్మడు, చెప్తాను.

దాని పేరు శాక్సోఫోన్. ఒళ్లంతా ఇత్తడే గాని ప్రాణం మూతి దగ్గరుంటుంది. అక్కడ రెల్లుతో పల్చగా చెక్కిన బద్ద బిగిస్తారు, రీడు అంటారు. ఊపిరి తగిలితే అది అదురుతుంది, ఆ అదురే పాట. అందుకే ఇత్తడి ఎంత మెరిసినా దాన్ని క్లారినెట్, వేణువుల జాతిలోనే కలుపుతారు. మన సన్నాయి పైన సన్నంగా, కిందికి పోనుపోను వెడల్పుగా ఉంటుంది చూడండి, దీని గొట్టమూ అదే తీరు. సన్నాయిది జంట రీడు, దీనిది ఒంటి రీడు.

దీన్ని చేసినవాడు అడాల్ఫ్ శాక్స్. 1814లో బెల్జియంలోని దినాంత్‌లో పుట్టాడు. తండ్రి కూడా వాయిద్యాలు చేసేవాడే. గుంటడుగా ఉన్నప్పుడు మేడ మీంచి పడ్డాడట, యాసిడ్ నీళ్లు తాగేశాడట, ఇక బతకడనుకున్నారట. బతికి పారిస్ చేరాడు. 1846 జూన్ 28న పేటెంటు పుచ్చుకున్నాడు. మిలటరీ బ్యాండులో బాకాలంత గట్టిగా మోగాలి, క్లారినెట్‌లా వేళ్లకి లొంగాలి, అదీ అతని ఆలోచన. పోటీదార్లు కోర్టుల చుట్టూ తిప్పారు, మూడుసార్లు దివాలా తీశాడు, 1894లో పోయాడు. అంత పనిమంతుడికి ఆ గతి పట్టిందంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పేటెంటులో రెండు కుటుంబాలు, ఏడేసి చొప్పున 14 రకాలు రాశాడు. వాటిలో బ్యాండు కోసం చేసిన కుటుంబమే నిలిచింది. అందులోనూ ఎక్కువగా వినిపించేవి నాలుగు. సొప్రానో తిన్నగా, సన్నాయిలాగే ఉంటుంది. ఆల్టో, టెనర్ వంపు తిరిగుంటాయి. బారిటోన్ అయితే పెద్ద లావుపాటిది, గొంతు బొంగురు. గొట్టం పెరిగేకొద్దీ శ్రుతి దిగుతుంది గాని వేళ్ల పట్టు అన్నిటికీ ఒకటే. అమెరికాలో చార్లీ పార్కర్ ఆల్టో మీద, జాన్ కోల్ట్రేన్ టెనర్ మీద జాజ్‌ని ఎక్కడికో తీసుకుపోయారు.

నేను పోర్టు వర్క్‌షాపులో ఫిట్టర్‌గా ఉన్న రోజుల్లో మా వీధి బ్యాండు మేస్త్రి ఆల్టో పట్టుకుని గాభరాగా వచ్చాడు. సాయంత్రం పెళ్లి ఊరేగింపు, ఒక మీట నొక్కితే లేవట్లేదు. విప్పి చూస్తే లోపల సూదిలాంటి ఉక్కు స్ప్రింగు విరిగింది. సముద్రపు గాలికి తుప్పు పట్టకేం చేస్తుంది! బట్టలు కుట్టే సూది తీసి, మొన తుంచి, ఒక కొస కాల్చి సుత్తితో కాస్త చదును చేసి, ఇత్తడి స్తంభం బొక్కలో దిగ్గొట్టాను. మీట టక్కున లేచింది. అతను రీడు నోట్లో నానబెట్టుకుని అక్కడే ఒక గమకం లాగాడు. మీటల వాయిద్యంలో స్వరం అలా ఊగుతుందని అప్పటిదాకా అనుకోలేదు. పెదవితో రీడుని నొక్కీ వదిలీ ఊపుతారు.

అలాంటి గమకాలతో శాక్సోఫోన్‌ని నిండు కచేరీకి ఎక్కించినవారు మంగళూరు వైపు కద్రి గోపాల్‌నాథ్ గారు. నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని మనసు పారేసుకున్నారు. సన్నాయి ఇంటి పిల్లాడికి సన్నాయి తీరు గొట్టమే నచ్చింది, అదేం వింత కాదు. ఏళ్ల తరబడి సాధన చేసి ఆల్టో మీద త్యాగరాజ కీర్తనలు పలికించారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు, ఆ ఏడే రెహమాన్ ‘డ్యూయెట్’ సినిమాకీ వాయించారు. 2019లో పోయారు.

బయటి వాయిద్యం మన సంగీతం పలకడం మన వైపు ఏం కొత్తా? పక్కనే విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ వాయిస్తే, అది పరదేశీ వాయిద్యమని ఎవరికి గుర్తుండేది!

నేర్చుకుంటావేటి అమ్మడూ? అయితే ఆల్టో పట్టు. బరువు రెండున్నర కిలోలుంటుంది, మెడపట్టీ ఉంటుంది కాబట్టి మొయ్యగలవు. రీడు మెత్తటిది, రెండో నంబరు చాలు. రోజూ వాయించాక లోపలి తడిని గుడ్డతో లాగెయ్యాలి, లేకపోతే మీటల కింద తోలు బిళ్లలు పాడైపోతాయి.