సముద్రం తరలిపోయిన రేవు

ఘంటసాల చుట్టుపక్కల కోతలకు ముందే వరి మళ్లలో మినుము చల్లేస్తారు. నల్లటి ఒండ్రు నేల. ఎంత దున్నినా నాగలికి రాయి తగలదు, ఏళ్ల తరబడి కృష్ణ తెచ్చి పోసిన మట్టే అంతా. అలాంటి నేలలో ఎక్కడైనా కాస్త లోతుగా తవ్వినప్పుడు మూరెడు పొడవు ఇటుక బయటపడితే ఊళ్లో పెద్దవాళ్లు ఆశ్చర్యపోరు. పాత ఊరు కిందే ఉందని వాళ్లకి తెలుసు.

ఇక్కడి నుంచి తూర్పుగా మచిలీపట్నం దాదాపు ఇరవై కిలోమీటర్లు. సముద్రం ఆ పైన. అయినా ఊళ్లో శివుడి పేరు జలధీశ్వరుడు. జలధి అంటే సముద్రం. శివపార్వతులిద్దరూ ఒకే పీఠం మీద కొలువైన ఆ గుడికి కార్తీకమాసంలో వచ్చే భక్తుల్లో, ఇంత లోపలి ఊళ్లో దేవుడికి సముద్రం పేరేమిటని ఆగి అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్న అది. ఘంటసాల చరిత్ర మొదలయ్యేది అక్కడే.

ఊరి పేరు వినగానే తెలుగువాళ్లకి గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గుర్తుకొస్తారు. ఆయన ఇంటిపేరుగా మిగిలిన ఊరు ఇదే. ఆయన పుట్టింది మాత్రం గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. ఆ పేరు ఆయనకంటే దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల ముందే గ్రీకు అక్షరాల్లోకి ఎక్కింది. క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉంటూ లోకమంతటికీ భూగోళం రాసిన టోలెమీ, మైసోలియా అనే తీరంలో ‘కంటకొస్సుల’ అనే వాణిజ్య రేవును పేర్కొన్నాడు. అదే తీరంలో ‘కొడ్డూర’ అనే ఊరూ ఉంది. మచిలీపట్నం పక్కనున్న గూడూరే అదని పండితులు అంటారు. ఆ రెండు ఊళ్ల తర్వాత ఆయన ఇంకో చోటు చెప్పాడు. సువర్ణభూమికి వెళ్లే ఓడలు తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి తిరిగేది అక్కడి నుంచేనట. అంటే బర్మా, మలయా వైపు వెళ్లే నావికులకి ఈ తీరం ఆఖరి మజిలీ.

టోలెమీకి సుమారు వందేళ్ల ముందు, ఈజిప్టులో ఉండే ఒక గ్రీకు వర్తకుడు ఎర్రసముద్ర ప్రయాణాల మీద చిన్న పుస్తకం రాశాడు. పేరు చెప్పుకోని ఆ మనిషి ఈ ప్రాంతాన్ని మసాలియా అన్నాడు, ఇక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా నేస్తారని చెప్పాడు. మస్లిన్ అనే మాట మచిలీపట్నం నుంచే పుట్టిందని కృష్ణాజిల్లాలో చెప్పుకుంటూ ఉంటారు. భాషావేత్తలు దాన్ని ఇరాక్‌లోని మోసుల్ నగరంతో ముడిపెడతారు, అదే సబబుగా ఉంది. మాట ఎక్కడిదైనా బట్ట మాత్రం ఇక్కడి మగ్గాలదే. ఆ పుస్తకంలోనే మరో వాక్యం ఘంటసాలవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది. నేటి మహారాష్ట్రలోని తేర్‌కి సముద్రతీర ప్రాంతాల నుంచి సరుకు చేరుతుందనీ, అక్కడి నుంచి బళ్ల మీద భరుకచ్ఛానికి, అంటే గుజరాత్‌లోని భరూచ్‌కి వెళుతుందనీ అందులో ఉంది. ఆ తీరం తూర్పు తీరమేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఎద్దుబండి తెలంగాణ మీదుగా దక్కన్ పీఠభూమినంతా దాటి అరేబియా సముద్రానికి చేరేదన్నమాట. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో, కరీంనగర్ వైపు పెద్దబంకూరులో దొరికిన రోమన్ నాణేలు ఆ దారుల మీద జరిగిన వర్తకానికి సాక్ష్యాలు.

సరుకుతో పాటు మనుషులూ నడిచారు. వాళ్ల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి.

ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో శివకుడనే ‘మహానావికుడి’ పేరుంది. క్రీ.శ. మూడో శతాబ్దం నాటి లిపి. మహానావికుడంటే పడవ నడిపే సరంగు కాడు, నడిసముద్రంలో ఓడకు పెద్ద. ఇదే బిరుదున్న మరో మనిషి, బెంగాల్‌లోని రక్తమృత్తికకు చెందిన బుద్ధగుప్తుడు, ఆ తర్వాతి కాలంలో మలయా ద్వీపకల్పంలో తన ప్రయాణం సఫలం కావాలని రాతి మీద చెక్కించుకున్నాడు. ఆ రాయి మీద స్తూపం బొమ్మ ఉంది. ఓడ ఎక్కేవాడికి బుద్ధుడి అండ కావాలి, సంఘానికి ఓడవాళ్ల దానం కావాలి. కృష్ణాతీరంలో భట్టిప్రోలు, అమరావతి, జగ్గయ్యపేట, నాగార్జునకొండ వరుసగా స్తూపాలు కట్టుకున్నాయంటే, ఆ నది దారిన సొమ్ము తిరిగింది కాబట్టే.

నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక చెక్కించిన పెద్ద శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం నాటిది. గోవగామకు చెందిన ఈ ఇల్లాలు తాను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో పూసగుచ్చినట్టు చెప్పింది: ఒకచోట చెరువు, ఒకచోట గదులు, సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి. ఆ జాబితాలో కంటకసెలలో, అంటే ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కూడా ఉంది. నాగార్జునకొండలో కట్టించిన చైత్యగృహాన్ని ఆమె అంకితం చేసింది తామ్రపర్ణికి, అంటే శ్రీలంకకు చెందిన ఆచార్యులకి. కాశ్మీరం, గాంధారం, చీనం, వంగం, యవన దేశం, ద్రవిడం, వీటన్నిటికీ ధర్మం చేర్చినవాళ్లంటూ వాళ్లని పొగిడింది. కొండల మధ్య లోయలో నిలబడి చీనాన్నీ సింహళాన్నీ ఒక్క ఊపిరిలో తలుచుకున్న మనిషికి ఘంటసాల రేవు పరాయిది కాదు. అక్కడి చైత్యం తూర్పు ద్వారం దగ్గరి మండపం ఆమెదే.

ఆ మహాచైత్యం ఆనవాళ్లని బయటికి తీసింది పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ. 1894లో ఆయన అచ్చువేసిన పుస్తకంలోని పటం చూస్తే స్తూపం లోపలంతా బండిచక్రంలా కనిపిస్తుంది. నడుమ ఇటుక చతురస్రం, చుట్టూ గుండ్రటి గోడ, రెండింటినీ కలుపుతూ ఆకుల్లా అడ్డగోడలు. ఆ అరల్లో మట్టి దట్టించారు. మొత్తం ఇటుకతో నింపితే అయ్యే ఖర్చు తగ్గింది, బరువంతా గోడల మీదికి చీలిపోయింది. నాగార్జునకొండ స్తూపాల్లోనూ ఈ చక్రం కట్టుబడే. ధర్మచక్రానికి గుర్తుగా అలా కట్టారని చెప్పేవాళ్లున్నారు. మెత్తటి నేల మీద గోడ లేపి ఎరిగిన ఏ తాపీమేస్త్రీకైనా ముందు తట్టేది బరువు సంగతే, ఆ కారణమే బలమైందనిపిస్తుంది.

ఇటుక ఊరి మట్టే. స్తూపానికి తాపిన లేత రంగు సున్నపురాయి ఈ ఊరిది కాదు. డెల్టాలో ఆ రాయి పుట్టదు. ఎగువన రాతిగనుల నుంచి నది మీదే దిగి ఉండాలి. ఉలి దెబ్బకి వెన్నలా లొంగి, సన్నని వేలిగోరు దాకా చెక్కనిచ్చే రాయి అది. ఆ రాతి శిల్పాల్లో కొన్ని ఊరి పురావస్తు మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని సముద్రాలు దాటి ప్యారిస్‌లోని గిమే మ్యూజియం చేరాయి. ఊరివాళ్లు ఆ రాళ్లని చూడాలంటే వీసా కావాలి. ఇది బాధపడాల్సిన సంగతే.

రేవును పెంచిన కృష్ణే దాన్ని పూడ్చింది. ఏటా వరద తెచ్చిన ఒండ్రుతో తీరం తూర్పుకీ దక్షిణానికీ జరిగిపోయింది, దివిసీమ పెరిగింది. ఓడలు నీళ్ల వెంట వెళ్లాయి. 1611లో ఇంగ్లీషువాళ్లు నూలుబట్ట కోసం కొట్టు తెరిచేనాటికి వర్తకమంతా మచిలీపట్నానిది, అద్దకం బట్ట ఆ సముద్రం మీదే పర్షియాకి వెళ్లింది. పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు.

2023 మే నెలలో బందరులో, అంటే ఆ మచిలీపట్నంలోనే, కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. అలల్ని ఆపే బ్రేక్‌వాటర్‌కి లక్షల టన్నుల బండరాయి కావాలి. ఈ మట్టిలో రాయి పుట్టదు కాబట్టి అదీ దూరం నుంచే రావాలి. స్తూపానికి రాళ్లు నదిలో దిగాయి, పోర్టుకి లారీల మీద వచ్చాయి.