బాయ్‌నెట్: బల్లెం నుంచి పనికత్తి దాకా

17వ శతాబ్దపు యూరప్‌లో తుపాకీ సిపాయికి పెద్ద గండం మందు కూరుకునే సమయం. ఒకసారి పేల్చాక మళ్లీ పేల్చేలోపు గుర్రపుదళం మీదపడితే అతని చేతిలో మిగిలేది ఉత్త గొట్టమే. అందుకే పక్కన పొడవాటి బల్లేలతో కాపలా జవాన్లు నిలబడేవారు. ఆ ఇద్దరి పనీ ఒక్కరే చేసేందుకు పుట్టింది బాయ్‌నెట్. దాని పేరు దక్షిణ ఫ్రాన్స్‌లోని బయోన్ పట్టణం నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు.

1647 నాటికి ఫ్రెంచి సైనికులు వాడినది అడుగు పొడవు అలుగు, దాదాపు అంతే పొడవు కర్రపిడి ఉన్న బాకు. పిడిని తుపాకీ గొట్టంలోకే దిగగొట్టేవారు. దాంతో తుపాకీ బల్లెమయ్యేది కానీ, ఇక పేలేది కాదు. 1689లో స్కాట్లండ్‌లోని కిల్లీక్రాంకీ దగ్గర ఈ లోపం ప్రాణాల మీదికి తెచ్చింది. తుపాకులు పేల్చిన ప్రభుత్వ సైనికులు బాకులు బిగించుకునేలోపే తిరుగుబాటుదారులైన హైలాండ్స్ కొండప్రాంత యోధులు కత్తులతో వచ్చి పడ్డారు. సైన్యం చెల్లాచెదురైంది.

విరుగుడు అప్పటికే ఫ్రాన్స్‌లో తయారవుతోంది. కోటల నిర్మాణంలో మేటి అయిన వోబాన్ ప్రోత్సహించిన పద్ధతిలో అలుగు ఒక ఇనుప తొడుగుకు పక్కగా ఉంటుంది. ఆ తొడుగును గొట్టం బయట తొడిగి తిప్పితే, దాని గాడి గొట్టం మీది బొడిపెకు చిక్కి బిగుసుకుంటుంది. గొట్టం నోరు తెరిచే ఉంటుంది కనుక బాయ్‌నెట్ ఉండగానే కాల్చవచ్చు. చిన్న మార్పే, కానీ పదాతిదళం స్వరూపాన్నే మార్చేసింది. 18వ శతాబ్దం మొదటి దశకంలోనే పశ్చిమ యూరప్ సైన్యాల నుంచి బల్లేలు దాదాపు మాయమయ్యాయి. 1815లో వాటర్లూ వద్ద బ్రిటిష్ పదాతి చదరపు వ్యూహాలు కట్టింది. ముందు వరుస మోకాళ్ల మీద కూర్చుని తుపాకీ మడమను నేలకు ఆనించి మొనలు పైకెత్తింది. ఆ ముళ్లకంచె మీదికి గుర్రాలు ఉరకలేదు, ఫ్రెంచి గుర్రపుదళం దాడులన్నీ విఫలమయ్యాయి.

అయితే బాయ్‌నెట్ పొడిచినదానికన్నా బెదరగొట్టిందే ఎక్కువ. నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే పరిశీలనలోనూ బాయ్‌నెట్ గాయాలు స్వల్పమే. అమెరికా అంతర్యుద్ధంలో చికిత్సకు వచ్చిన గాయాల్లో అవి ఒక శాతం కూడా లేవు. మెరిసే మొనలు దగ్గరపడుతుంటే రెండు పక్షాల్లో ఒకటి ముందే వెనుదిరిగేది.

రైఫిళ్లు, ఆపై మెషిన్‌గన్‌లు వచ్చాక ఆ బెదిరింపు పారే దూరమే మిగల్లేదు. సేనానులు మాత్రం తెగువ గెలిపిస్తుందనే నమ్మారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే ఆ నమ్మకానికి బలైనవారు ఫ్రెంచి పదాతి యువకులు. 17 అంగుళాల అలుగున్న బ్రిటిష్ బాయ్‌నెట్ బిగిస్తే రైఫిల్ ఇరుకు కందకంలో తిరగనే తిరగదు. అక్కడ సైనికులు దుడ్డుకర్రలనూ, పదునుపెట్టిన పారలనూ పట్టారు.

ఆ తరవాత అలుగు పొట్టిదైంది. 1950ల చివరి సోవియట్ ఏకేఎం రైఫిల్ బాయ్‌నెట్‌ను ఒరకు తగిలిస్తే ముళ్లతీగ తెంచే కత్తెరవుతుంది. పొడిచే అవసరం మాత్రం పూర్తిగా పోలేదు. 1982 జూన్‌లో ఫాక్లండ్స్ యుద్ధంలో టంబుల్‌డౌన్ కొండ మీద బ్రిటిష్ స్కాట్స్ గార్డ్స్ సైనికులు చీకట్లో బాయ్‌నెట్లతోనే రాళ్ల మధ్య పోరాడారు. 2010లో అమెరికా సైన్యం ప్రాథమిక శిక్షణ నుంచి బాయ్‌నెట్ దాడి సాధనను తొలగించింది. ఆ దేశపు మెరీన్ దళం మాత్రం కొనసాగించింది.