ఎస్‌డీ-వాన్ రౌటరు నమోదు

సాఫ్ట్‌వేరు నిర్వచిత విశాల ప్రాంత నెట్‌వర్కు, సంక్షిప్తంగా ఎస్‌డీ-వాన్, లో కొత్త రౌటరును గుర్తించి, అది అసలైనదేనని నిర్ధారించుకొని, దానికి కావలసిన అమరికలను దూరం నుండే పంపి పనిలోకి తీసుకొనే ప్రక్రియను రౌటరు నమోదు అంటారు. బ్యాంకులు, అనేక శాఖలు గల వ్యాపార సంస్థలు దీనిని ఎక్కువగా వాడుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటి చోట్ల, శాఖలు తీరం నుండి ఏజెన్సీ కొండల వరకు విస్తరించి ఉన్నపుడు, ప్రతి రౌటరు వద్దకూ నిపుణుడు వెళ్ళే పని తప్పడమే దీని ముఖ్య ప్రయోజనం. పూర్వ పద్ధతిలో చిరునామాలో ఒక్క అంకె తప్పు పడినా ఆ నిపుణుడు మరల ప్రయాణం చేయవలసి వచ్చేది.

నమోదు క్రమం

ప్రతి రౌటరుకు తయారీ సమయంలోనే వరుస సంఖ్య, సాధారణంగా డిజిటల్ ధ్రువపత్రం కూడా ఇవ్వబడతాయి. కొనుగోలు చేసిన సంస్థ ఆ సంఖ్యల జాబితాను తన నియంత్రణ కేంద్రంలో ముందుగానే చేరుస్తుంది. శాఖలోని సిబ్బంది విద్యుత్తు, ఇంటర్నెట్ తీగలను కలిపితే చాలు. రౌటరు డీహెచ్‌సీపీ ద్వారా ఐపీ చిరునామా పొంది, డీఎన్‌ఎస్ సహాయంతో తయారీదారు నమోదు సర్వరును చేరుకొంటుంది. ఆ సర్వరు సంబంధిత సంస్థ నియంత్రణ కేంద్రానికి దారి చూపుతుంది. అక్కడ ఇరువైపులా ధ్రువపత్రాల పరీక్ష జరుగుతుంది. జాబితాలో లేని రౌటరు తిరస్కరించబడుతుంది. తరువాత అమరికలు దిగి, ఇతర శాఖలతో ఐపీసెక్ సొరంగాలు ఏర్పడతాయి. 2012లో స్థాపించబడి 2017లో సిస్కో కొనుగోలు చేసిన విప్టెలా సంస్థ విధానం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. సురక్షితమైన స్వయంచాలక అమరికకు 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8572 అనే ప్రమాణం వెలువడింది.

దీనిని "జీరో టచ్" అని పిలవడం కొంత అతిశయోక్తే. స్థిర ఐపీ చిరునామా గల కనెక్షను అయితే ఆ వివరాలను ఎవరో ఒకరు ముందుగా చేర్చాలి. రౌటరు గడియారం తప్పు తేదీ చూపితే సరైన ధ్రువపత్రం కూడా చెల్లదు. జాబితాలో ఉన్న రౌటరు రవాణాలో దొంగిలించబడితే, దానిని ఎక్కడ తగిలించినా సంస్థ నెట్‌వర్కులోకి ప్రవేశం దొరికే ప్రమాదం ఉన్నది. అందువలన కొన్ని సంస్థలు శాఖ నుండి ఫోనులో ధ్రువీకరణ వచ్చిన తరువాతే అనుమతి ఇస్తాయి.

ఉత్తరాంధ్రలో పరిస్థితి

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లో ఆప్టికల్ ఫైబరు చాలావరకు విద్యుత్ స్తంభాల మీదుగా సాగింది. దీనివలన ఖర్చు తగ్గింది, కానీ తుఫానులో స్తంభంతో పాటు ఫైబరు కూడా పడిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటినపుడు వేలాది స్తంభాలు కూలాయి. ఎస్‌డీ-వాన్ రౌటరు ఒక మార్గం తెగితే రెండవ మార్గానికి మారగలదు. అయితే రెండు కనెక్షన్లూ ఒకే స్తంభాల వరుస మీద ఉంటే ఆ సదుపాయం వృథా. కాబట్టి రెండవ మార్గంగా 4జీ లేదా ఉపగ్రహ కనెక్షనును ఎంచుకోవడం మేలు. మొబైల్ టవరుకు సైతం విద్యుత్తు, చాలా చోట్ల ఫైబరు అవసరమే.