పాత కార్లలో డోరు పడకపోవడం

మామూలుగా తోస్తే తలుపు పూర్తిగా మూసుకోక, రెండు మూడుసార్లు బలంగా కొడితేగాని లాకు పట్టని స్థితిని వాడుకలో ‘డోరు పడటం లేదు’ అంటారు. ఏళ్ల తరబడి తిరిగిన ఏ కారులోనైనా వచ్చే ఇబ్బందే ఇది. మన రోడ్ల మీద అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 వాడినవారికి మరీ పరిచయం. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. కనుక ఇప్పుడు తిరుగుతున్న వాటిలో అన్నిటికంటే కొత్తదానికి కూడా పదేళ్లు దాటాయి. డోరు పడనప్పుడు ‘ఇంకాస్త గట్టిగా వేయండి’ అనడం అందరికీ అలవాటు. అసలు తంటా పెరిగేది అక్కడే. కొట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ అరిగిన భాగం మీదే పడుతుంది.

నిర్మాణం

డోరు ముందు అంచు పైనొకటి, కిందొకటి ఉన్న రెండు మడతబందులతో పిల్లర్‌కు వేలాడుతుంది. వెనక అంచులో లాచ్ ఉంటుంది. మారుతి 800 తరం కార్లలో ఈ లాచ్ లోపల చీలిన నోరున్న ఒక ఉక్కు ముక్క తిరుగుతూ ఉంటుంది. దానికి ఎదురుగా మధ్య పిల్లర్ మీద బిగించిన కడ్డీ పేరు స్ట్రైకర్. డోరు మూసినప్పుడు స్ట్రైకర్ ఆ నోట్లోకి వెళ్లి ఉక్కు ముక్కను తిప్పుతుంది. అది వెనక్కి తిరగకుండా స్ప్రింగు మీద ఉండే మరో చిన్న ముక్క రెండు మెట్లలో ఆపుతుంది. మొదటి మెట్టు సగం పడటం, రెండోది పూర్తిగా పడటం.

సగం పడిన డోరు ఊడిరాదు కదా అని వదిలేసేవారు చాలామంది. 2004లో ఐక్యరాజ్యసమితి వేదికగా వచ్చిన మొట్టమొదటి ప్రపంచ వాహన సాంకేతిక నిబంధన డోరు లాకుల గురించే. దాని ప్రకారం లాచ్ పూర్తిగా పడినప్పుడు 11,000 న్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. సగం పడినప్పుడు 4,500 న్యూటన్లు తట్టుకుంటే చాలు. అంటే సగం పడిన డోరు నుంచి ఆశించే బలం సగం కూడా కాదు.

కారణం పట్టుకోవడం

ముందుగా చూడవలసింది గాలి. అద్దాలన్నీ ఎత్తి ఉన్న కారులో ఆఖరి డోరు వేసేటప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి. దారి లేకపోతే అది డోరును వెనక్కి నెడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ దీనికి పేరుపడింది. ఆ కారు డోరు వేయాలంటే ఏదో ఒక అద్దం కాస్త దించడం దాని యజమానులకు అలవాటు. తర్వాతి తరం కార్లలో చాలావాటికి వెనక బంపరు చాటున రబ్బరు రెప్పలున్న గాలి దారులు పెట్టారు. టింకరింగ్, పెయింటింగ్ పనుల్లో ఇవి పూడిపోవడం కద్దు. అద్దం దించగానే డోరు సులువుగా పడిందంటే లాకు జోలికి పోనక్కర్లేదు.

అద్దం దించినా పడకపోతే డోరు చుట్టూ ఉండే రబ్బరు, అంటే బీడింగ్, చూడాలి. మన ఎండలకు అది బిరుసెక్కి నొక్కుడుకు లొంగదు. కాగితం ముక్కను బీడింగ్ మీద పెట్టి డోరు వేసి లాగి చూస్తే ఎక్కడ బిగువుందో, ఎక్కడ వదులుందో తెలుస్తుంది. ఒకేచోట కాగితం చిరిగేంత బిగువుంటే అక్కడ బీడింగ్ ముడత పడి ఉంటుంది, లేదా కింది రేకు తుప్పుతో ఉబ్బి ఉంటుంది. కొత్తగా వేసిన బీడింగ్ కొన్ని వారాలు బిగువుగా ఉండటం సహజం, తర్వాత అదే సర్దుకుంటుంది. అయితే దుకాణంలో దొరికిందని కొలతకు మించిన లావు బీడింగ్ వేస్తే అది ఎన్నాళ్లయినా సర్దుకోదు.

ఇక లాచ్. పాత గ్రీజు, రోడ్డు దుమ్ము కలిసి నల్లటి జిగురై లోపలి ముక్కలను కదలనివ్వవు. డోరు తెరిచి ఉంచి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ ఉక్కు ముక్కను స్ట్రైకర్ తిప్పినట్టే తిప్పాలి. టక్, టక్ అని రెండు చప్పుళ్లు విడివిడిగా వినిపించాలి. రెండోది రాకపోయినా, ముక్క బద్ధకంగా తిరిగినా లోపం లాచ్‌లోనే ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఆరాక పల్చటి నూనె, పైన కొద్దిగా తెల్ల గ్రీజు పెడితే చాలాసార్లు అక్కడితో పని అయిపోతుంది. పరీక్ష ముగిశాక హ్యాండిల్ లాగి ఉక్కు ముక్కను వదిలించడం మరవకూడదు. మూసుకున్న లాచ్‌తో డోరు వేస్తే అది స్ట్రైకర్‌ను గుద్దుకుని రెండూ పాడవుతాయి.

డోరు వాలడం

మడతబందుల పిన్నులు, బుష్‌లు అరిగితే డోరు వెనక అంచు కిందికి దిగుతుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచేది డ్రైవరు డోరే కాబట్టి అదే ముందు వాలుతుంది. దిగేటప్పుడు డోరు మీద బరువంతా ఆనించి లేచే అలవాటు ఈ అరుగుదలను ఇంకా పెంచుతుంది. డోరును సగం తెరిచి, వెనక అంచును కింద నుంచి చేత్తో పైకి ఎత్తి చూడాలి. మడతబందు దగ్గర కటకటమని ఆట కనిపిస్తే పిన్ను పోయినట్టే. స్ట్రైకర్ ఒక పక్కన మెరిసేలా గీసుకుపోవడం, గడప మీద రంగు చెరగడం కూడా ఇదే చెబుతాయి.

దీనికి అసలు వైద్యం కొత్త పిన్ను, కొత్త బుష్. పాత మోడళ్లకు విడిభాగాలు దొరకకపోతే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేత్ మీద ఇత్తడి బుష్ కొలతకు తిప్పించుకోవచ్చు. పిన్ను తీసేటప్పుడు డోరు కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్క ముక్క, గుడ్డ వేయాలి. ఒకరు డోరు పట్టుకుని ఉండాలి, ఒంటరిగా చేసే పని కాదు. కొన్ని షెడ్లలో మడతబందు మధ్య చెక్క ముక్క ఇరికించి డోరును బలవంతంగా పైకి వంచుతారు. నిమిషంలో డోరు పడుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ అరిగిన పిన్ను అరిగినట్టే ఉంటుంది, పిల్లర్ రేకు చిట్లే ప్రమాదమూ వచ్చిపడుతుంది. బుష్‌లు దొరికే అవకాశం ఉన్నప్పుడు ఆ పని చేయించకపోవడమే మేలు.

స్ట్రైకర్ జరపడం

షెడ్డులో మొదట ముట్టుకునేది స్ట్రైకర్‌నే. నిజానికి చివర ముట్టుకోవలసింది అదే. వాలిన డోరుకు తగ్గట్టు స్ట్రైకర్‌ను దించితే అరుగుదల దాగుతుందే తప్ప తగ్గదు, కొన్నాళ్లకు మళ్లీ దించాలి. మిగతావన్నీ సరిగా ఉన్నాయని తేలాకే దీనికి చేయి పెట్టాలి. ముందుగా దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీయాలి, తేడా వస్తే పాత చోటికి తేవడానికి ఆ గీతే ఆధారం. స్క్రూలను పూర్తిగా విప్పకుండా, తడితే కదిలేంత మాత్రమే వదులు చేయాలి. తుప్పు పట్టిన స్క్రూకు రాత్రే నూనె పట్టించి ఉంచితే తల చెడదు. ముందు ఎత్తు సరిచూసి, ఆ తర్వాతే లోపలికో బయటికో మిల్లీమీటరు చొప్పున జరపాలి. బయటికి ఎక్కువ జరిపితే డోరు సులువుగానే పడుతుంది గాని బీడింగ్ నొక్కుకోక వానలో నీళ్లు లోపలికి వస్తాయి. డోరు రేకు, వెనక రేకు వేలికి ఒకే మట్టంగా తగిలితే జరిపింది సరిపోయినట్టు.

గడప రేకును తుప్పు తినేసినా, ప్రమాదంలో పిల్లర్ వంగినా ఈ సర్దుబాట్లేవీ పనికిరావు. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గడప తుప్పు ఎక్కువ. డోరు అడుగున ఉండే నీటి రంధ్రాలు ఆకులు, మట్టితో మూసుకుపోతే ఏ ఊళ్లోనైనా తప్పదు. అక్కడ రేకు కోసి అతికే పని, బాడీని లాగి నిలబెట్టే పని పడుతుంది.

పాత కారు కొనేవారు బేరానికి ముందు నాలుగు డోర్లూ వేసి చూసి, స్ట్రైకర్ స్క్రూల తలల మీద రంగు చెక్కుచెదరకుండా ఉందో లేదో గమనించాలి. ఒక్క డోరు దగ్గరే రంగు చెదిరి ఉంటే ఆ పక్క ఏం జరిగిందో అమ్మేవారిని అడిగాకే ధర మాట్లాడాలి.